స్టూలు మీద పెట్టిన బరువు

మా చెల్లెలు సరళ వాళ్ళాయన కార్ఖానా బస్తీలోని తమ ఇంట్లోనే స్నానాల గదిలో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. కబురు తెలిసి కాప్రా నుంచి నేను ఆసుపత్రికి చేరేసరికే ఆపరేషన్ అయిపోయింది. ఎముక లోపల ఉక్కు కడ్డీ వేశారట. మర్నాడే వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి ఆయన్ని మంచం అంచున కూర్చోబెట్టి కాళ్ళు ఆడించమంది. నాలుగో రోజు నేను మళ్ళీ వెళ్తే, వాకర్ పట్టుకుని గది గుమ్మం దాకా ఎదురొచ్చి "రండి వదినా" అన్నాడు. నేను నవ్వి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాను గానీ, నా చూపు మాత్రం మంచానికి కాళ్ళ వైపే పోయింది. అక్కడ ఏమీ లేదు. తాడు లేదు, గిరక లేదు, వేలాడే బరువు లేదు. "ఏందక్కా గట్ల చూస్తున్నవ్" అంది సరళ. "ఏం లేదే" అన్నాను. యాభై ఏళ్ళుగా ఈ విషయంలో నేను దానికి చెబుతూ వచ్చిన మాట అదొక్కటే.

మా నాయన దుకాణాల బోర్డులు రాసే పెయింటర్. చిలకలగూడలో ఒక పెద్ద వాకిలి చుట్టూ ఆరు కుటుంబాలుండే ఇంట్లో మావి రెండు గదులు. వాకిలిలో మా వైపు గోడ నిండా నాయన కుంచెలు తుడిచిన రంగులే. పొద్దున్నే లేచి కిరోసిన్ డబ్బాలో రాత్రి నానేసిన కుంచెలు తీసి, ఒక్కొక్క దాన్నీ వేళ్ళతో దువ్వి, వెంట్రుక వంకర పోకుండా గుడ్డలో చుట్టేవాడు. ఆ వాసనకు మా అమ్మ ముక్కు మూసుకునేది. శనగపిండితో మోచేతుల దాకా రుద్దుకుంటే తప్ప అన్నం గిన్నె దగ్గరికి రానిచ్చేది కాదు. అయినా నాయన కలిపి పెట్టిన ముద్దలో టర్పెంటైన్ వాసన సన్నగా తగిలేది. సరళకు అది గిట్టేది కాదు. నాకు ఆ వాసన లేకపోతే తిన్నట్టే ఉండేది కాదు. నాయనమ్మ మూలన కూర్చుని నస్యం పీలుస్తూ "ఇంటినిండ రంగులే, ఇల్లు మాత్రం సున్నం మొహం చూడలే" అనేది. అది నిజమే. ఊరందరి గోడలకూ రంగులేసే మనిషికి సొంత గోడలకు వేసే తీరిక దొరికేది కాదు.

తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ రాసేవాడు. ఉర్దూ చదవగలిగేవాడు, ఇంగ్లిష్ మాత్రం కాగితం చూసి బొమ్మ గీసినట్టు గీసేవాడు. మమ్మల్ని వెంటేసుకుని బజారుకు పోతే నాలుగడుగులకోసారి ఆగి, ఎవరో రాసిన బోర్డు చూసి "గా 'ళ' చూడు, పొట్ట వాసినట్టు రాసిండు" అనేవాడు. కార్ఖానా బజారులో ఒక బట్టల దుకాణం మీద బోర్డు రాస్తుండగా, నిచ్చెన అడుగు గచ్చు మీద జారింది. పదకొండు మెట్ల పైనుంచి కింద పడ్డాడు. నేను బడి నుంచి వచ్చేసరికి వాకిలిలో ఎవరూ లేరు. నాయనమ్మ ఒక్కతే గడపలో కూర్చుని ఉంది. "మీ నాయన కాలు ఇరిగింది బిడ్డా, పెద్ద దవాఖానకు తీస్కపోయిన్రు" అంది. నేను అప్పుడు పదో తరగతి. సరళకు ఎనిమిదేళ్ళు.

అప్పట్లో తొడ ఎముక విరిగితే కాలిని లాగి కట్టేవారు. మోకాలి కింద ఎముకలోంచి ఒక ఉక్కు పుల్ల అడ్డంగా దూర్చి, దానికి తాడు కట్టి, ఆ తాడును మంచం చివర బిగించిన గిరక మీదుగా కిందికి వదిలి, చివర ఇనుప బిళ్ళలు వేలాడదీసేవారు. మంచానికి కాళ్ళ వైపు కింద రెండు చెక్క దిమ్మలు పెట్టి ఎత్తు చేసేవారు. అలా ఆరు వారాలు కదలకుండా పడుకోవాలి. మొదటి రోజు ఆ పుల్లను చూసి సరళ అమ్మ కొంగులో తల దాచుకుంది. మళ్ళీ ఆ వార్డుకు రాలేదు. అమ్మ పొద్దున పోయి, మధ్యాహ్నం నాయనమ్మకు అన్నం పెట్టడానికి ఇంటికి వచ్చేది. బడి వదిలాక నాలుగింటి నుంచి ఆరింటి దాకా నాయన దగ్గర నా వంతు. ఆదివారం మాత్రం పొద్దుటి నుంచీ నేనే ఉండేదాన్ని. పొడవాటి వార్డు, రెండు వరసల మంచాలు, ఫినాయిల్ వాసన. నాయన మంచం చిట్టచివర, స్తంభం వెనక, కిటికీ పక్కన. అటువైపు ఎవరి కన్నూ అంతగా పడేది కాదు.

ఆ గిరకలూ తాళ్ళూ కట్టేది ఖాజా మామ. ప్లాస్టర్ గదిలో పనిచేసేవాడు. సన్నగా, పొడుగ్గా, చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ ముక్కతో ఉండేవాడు. ఏడో తరగతితో చదువు ఆపేశానని తనే చెప్పుకునేవాడు. డాక్టర్ ఎన్ని కిలోలు వెయ్యాలో చెప్పి పోతే, తాడు ఏ కోణంలో పోవాలో ఒక కన్ను మూసి చూసి సరిచేసేది ఆయనే. నాయన కూడా బోర్డు ముందు అలాగే ఒక కన్ను మూసి చూసేవాడు కాబట్టి ఇద్దరికీ తొందరగానే కలిసింది. "నర్సింలు భాయ్, నీ కాలు సుత నాకు ఒక బోర్డే, గీత వంకర పోవద్దు" అనేవాడు.

ఆ రోజుల్లో నేను భౌతికశాస్త్రంలో తప్పాను. బలాల పాఠం. మా సారు తప్పినవాళ్ళను తండ్రి సంతకం తెమ్మన్నాడు. నాయన పడుకునే సంతకం పెట్టి, "ఏం పాఠం బిడ్డా గిది" అని అడిగాడు. నేను పుస్తకం తీసి చదివాను. పరిమాణం మాత్రమే ఉండేవి అదిశ రాశులు. పరిమాణంతో పాటు దిశ కూడా ఉండేవి సదిశ రాశులు, వీటిని బాణం గుర్తుతో చూపుతారు. "బాణం ఎందుకో నాకు సమజ్ కాలే" అన్నాను. నాయన నవ్వాడు. ఆ మంచం మీద ఆయన నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను.

"గిదేం కష్టం. దుకాణమోడు వచ్చి, 'మా గోదాం యాభై గజాల దూరం' అని మూలమీద బోర్డు రాయమంటడు. ఉత్త యాభై గజాలని రాస్తే మనిషి ఎటు పోవాలె? కుడికా, ఎడమకా? అందుకే కింద బాణమేస్త. బాణం లేకుంటే గా యాభైకి అర్థమే లేదు."

ఆ మాటతో నిర్వచనం మనసుకెక్కింది. పుస్తకంలో దూరం, స్థానభ్రంశం అని చెప్పిన రెండింటికీ తేడా అదే. దూరం అంటే ఎంత నడిచామన్నది. స్థానభ్రంశం అంటే ఎంత, ఎటు అన్నది. ద్రవ్యరాశికి దిక్కు లేదు, కాలానికి లేదు. వేగానికి ఉంది, బలానికి ఉంది. మర్నాడు సారు అడిగితే గడగడా చెప్పాను. చెప్పగలిగాను కాబట్టి తెలిసిందనే అనుకున్నాను.

నాయన నొప్పి గురించి ఇప్పుడు రాయాలి. రోజంతా ఒక తీరుగా ఉండేది కాదు. సాయంత్రం పూట తొడ కండరం ఒక్కసారిగా బిగుసుకునేది. అరిచేవాడు కాదు. భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకుని కిటికీ వైపు చూసేవాడు. మెడ నరాలు తాళ్ళలా లేచేవి. ఒకరోజు అలా పావుగంట సాగింది. నేను నర్సమ్మ కోసం చూశాను, ఆమె ఆ చివర ఎవరికో కట్టు కడుతోంది. నాకు ఆ వేలాడే బిళ్ళల మీద కోపం వచ్చింది. వాటి వల్లనే కదా ఈ బాధంతా అనిపించింది. నేను కూర్చున్న చెక్క స్టూలు జరిపి, బిళ్ళలను రెండు చేతులతో కొంచెం పైకెత్తి, స్టూలును కాలితో వాటి కిందికి నెట్టాను. తాడు వదులైంది. నాయన నోట్లోంచి తువ్వాలు తీసేశాడు. పెద్ద ఊపిరి వదిలాడు. కాసేపటికి నిద్రపోయాడు. పడిన రోజు నుంచి ఆయన అంత నెమ్మదిగా నిద్రపోవడం నేను చూడలేదు.

ఆరింటికి గంట కొట్టే ముందు స్టూలు తీసేశాను. మర్నాడు మళ్ళీ పెట్టాను. ఆ మర్నాడు కూడా. ఆదివారమైతే మధ్యాహ్నమంతా. తప్పు చేస్తున్నానని నాకు ఒక్క క్షణం కూడా తోచలేదు. బరువు తీసెయ్యలేదు కదా, తాడు విప్పలేదు కదా. ఐదు కిలోలు వెయ్యమన్నారు, ఐదు కిలోలూ తాడుకే ఉన్నాయి. కాస్త ఆనించాను, అంతే. నాకు తెలిసిన లెక్క అంతవరకే.

కొన్ని రోజులకు ఎక్స్‌రే తీశారు. పెద్ద డాక్టర్ దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. ఆయన తెలుగు మనిషి కాడు. తెలుగు వచ్చు గానీ ఒక్కొక్క మాటా వెతుక్కుని మాట్లాడేవాడు. "ఎముక ముక్కలు మళ్ళీ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఎందుకో తెలియడం లేదు" అని, ఇంకో బిళ్ళ వెయ్యమన్నాడు. బరువు పెరిగింది, నొప్పీ పెరిగింది. నొప్పి పెరిగిందని నేను మరింత ముందుగా స్టూలు జరపడం మొదలుపెట్టాను. ఇలా పది పన్నెండు రోజులు గడిచాయి.

ఒక సాయంత్రం స్టూలు పెట్టి, నాయన నిద్రపోతుంటే నేను గచ్చు మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను. ఖాజా మామ ఎప్పుడొచ్చాడో తెలియదు. తలెత్తేసరికి వదులుగా వేలాడుతున్న తాడును చూస్తూ నిలబడి ఉన్నాడు.

"ఎవరు పెట్టిన్రు బిడ్డా గిది?" అన్నాడు మెల్లగా.

"నేనే మామా. బరువు తియ్యలే. గట్లనే ఉన్నది. నాయనకు తక్లీఫ్ అయితుందని జెర ఆనిచ్చిన."

"ఎన్ని దినాల సంది?"

చెప్పాను. ఆయన వంగి స్టూలు తీసి, బిళ్ళలను చేత్తో ఆపుతూ మెల్లగా కిందికి వదిలాడు. నాయన నిద్రలోనే మూలిగాడు. తర్వాత నన్ను ప్లాస్టర్ గదికి రమ్మన్నాడు. అక్కడ ఒక బిళ్ళకు పట్టీ గుడ్డ కట్టి, చివర నా చేతికిచ్చి ఎత్తి పట్టుకోమన్నాడు. బిళ్ళ నా చేతిని కిందికి లాగింది. అప్పుడు ఆయన తన అరచెయ్యి ఆ బిళ్ళ కింద పెట్టి కాస్త పైకి ఎత్తాడు.

"ఇప్పుడు నీ చేతిని ఏమన్న గుంజుతుందా?"

"లేదు."

"బిళ్ళ ఉన్నదా, పోయిందా?"

"ఉన్నది."

"అంతే ఉన్నదా, తగ్గిందా?"

"అంతే ఉన్నది."

"మరి గుంజుడు ఏడికి పోయింది?"

నేను ఆయన అరచేతిని చూశాను. బిళ్ళ బరువెంతో అంత బలంతో ఆ చెయ్యి పైకి నెడుతోంది. రెండూ ఎదురెదురు. ఆ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాక తాడుకు మిగిలింది ఏమీ లేదు. ఖాజా మామ నా ముఖం చూసి, ఇక అడగడం ఆపి చెప్పాడు. "మీ నాయన కాలుకు కావల్సింది బరువు గాదు బిడ్డా. గుంజుడు. అది సుత గా దిక్కుకే. తొడల కండలు పైకి గుంజుతయ్, మనం కిందికి గుంజాలె. మనిషి మొత్తం కిందికి జారకుండా కాళ్ళ దిక్కు మంచం ఎత్తుతం, అప్పుడు ఒంటి బరువే వెనకకు పడ్తది. అన్నీ సమంగ ఉంటేనే ఎముక నిలవడి అతుక్కుంటది. ఒక్కటి వదిలినవంటే, కండలు ఊకుంటయా?"

పుస్తకంలో ఫలిత బలం శూన్యమైతే నిలిచి ఉన్న వస్తువు కదలదు అని ఉంది. నేను దాన్ని పదిసార్లు చదివాను. ఆ శూన్యం కోసం ఎన్ని బలాలు ఒకదానికెదురు ఒకటి పనిచేస్తూ ఉండాలో, ఆ గదిలో నిలబడే వరకు నాకు తెలియలేదు. "డాక్టర్ సాబ్‌కు చెప్తవా మామా" అని అడిగాను. "నేను చెప్ప. మొదట మీ నాయనకు నువ్వు చెప్పు" అన్నాడు.

వార్డుకు తిరిగి వచ్చి చెప్పాను. ఏడ్చుకుంటూ, ముక్కలు ముక్కలుగా. నాయన కప్పు వైపు చూస్తూ విన్నాడు. తర్వాత, "నాకు తెల్వదా బిడ్డా. తాడు వదులైతే ముందుగాల తెలిసేది కాలుకే" అన్నాడు.

"మరెందుకు ఊకున్నవ్ నాయనా?"

"హాయిగుండె. గంతే."

ఆ మాట అన్నప్పుడు నాయన ముఖంలో సిగ్గు కనబడింది. అంతకు ముందు ఎప్పుడూ ఆయన ముఖంలో నేను అది చూడలేదు. ఇంత వయసొచ్చాక, నొప్పి అంటే ఏమిటో నాకూ కొంత తెలిశాక, ఆ సిగ్గు ఆయనకు అక్కర్లేదని చెప్పాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. "ఇంట్ల ఎవలకు చెప్పకు. మీ అమ్మ పరేషాన్ అయితది" అన్నాడు.

మర్నాడు పొద్దున డాక్టర్ వచ్చినప్పుడు నాయనే చెప్పాడట. నొప్పికి ఓర్వలేక తనే బరువు కింద స్టూలు పెట్టుకున్నానని. నేను బడిలో ఉన్నాను, తర్వాత ఖాజా మామ చెబితే తెలిసింది. మంచం మీద పక్కకు కూడా తిరగలేని మనిషి కాళ్ళ వైపు ఉన్న బరువు కిందికి స్టూలు ఎలా జరిపాడని డాక్టర్ అడగలేదట. బాగా కోప్పడ్డాడట. నొప్పికి సూది మందు పెంచి, తాడు కోణం మార్చి, ఇంకో నెల ఉండాలన్నాడట. ఆరు వారాలు పదకొండు వారాలయ్యాయి. అంతలోపల ముక్కలు అడ్డదిడ్డంగానే అతుక్కోవడం మొదలుపెట్టాయి. ఎంత లాగినా కాలు ఒక బొటనవేలి మందం పొట్టిగానే ఉండిపోయింది.

ఇంటికి పంపే రోజు అమ్మ నాయనను నిలబెట్టి, నడుము ఒక పక్కకు వాలడం చూసింది. రెండు నెలల పైబడి దాచుకున్నదంతా ఆమె నోటి నుంచి ఒక్కసారే వచ్చింది. "ఏం డాక్టర్‌వయ్యా నువ్వు. కాలు సక్కగ అతుకవెట్టరాకుంటే చెప్పొద్దా. బోర్డులు రాసే మనిషి, నిచ్చెన ఎట్లెక్కుతడు? నీ చేతులు పడిపోను" అంటూ వార్డంతా వినేలా తిట్టింది. మంచాల మీద వాళ్ళు తలలెత్తి చూశారు. డాక్టర్ అక్కడే నిలబడ్డాడు. ఒకసారి నాయన వైపు చూశాడు. తర్వాత టిఫిన్ గిన్నె పట్టుకుని గోడకు ఆనుకున్న నా వైపు చూశాడు. స్టూలు సంగతి చెప్పెయ్యాలనుకున్నాను. చెప్పలేదు. ఆయన చూపు నా మీద నుంచి తీసి, "అవునమ్మా. ఇంకా బాగా అతకాల్సింది" అన్నాడు. జేబులోంచి కాగితం తీసి, చెప్పు మడమ కింద ఎంత మందం తోలు వేయించాలో గీత గీసి, కొలత రాసి అమ్మ చేతికిచ్చాడు. అమ్మ దాన్ని తీసుకుంది గానీ తిట్టడం ఆపలేదు.

నాయన మళ్ళీ నిచ్చెన ఎక్కలేదు. వాకిలిలో చాప వేసుకుని, కాలు చాపి, బండ్ల నంబరు పలకలూ చిన్న బోర్డులూ రాసేవాడు. పెద్ద బోర్డులు వేరేవాళ్ళ చేతికి పోయాయి. ఆయన వాటి గురించి నాతో ఒక్క మాట అనలేదు. నన్ను చూసి ఒక్క నిట్టూర్పు విడిచినట్టు కూడా గుర్తు లేదు. ఆ ఏడు పరీక్షలో తాడులో తన్యత లెక్క వచ్చింది. తప్పు లేకుండా చేశాను, మంచి మార్కులూ వచ్చాయి. ఇంటికొచ్చి చెబితే నాయన చాలా సంతోషపడ్డాడు. ఆ సంతోషం చూడలేక నేను నీళ్ళు తెచ్చే నెపంతో బయటికి పోయాను. తర్వాత అదే పాఠం చెప్పే పంతులమ్మనయ్యాను. ప్రతి ఏడూ బలాల పాఠం వచ్చినప్పుడు ఒక బరువుకు తాడు కట్టి, ఒక పిల్ల చేతికిచ్చి, బరువు కింద నా అరచెయ్యి పెట్టేదాన్ని. ఎవరి దగ్గర నేర్చుకున్నానో మాత్రం చెప్పలేదు. ఖాజా మామ పేరు చెబితే తర్వాతి ప్రశ్న వస్తుందని భయం.

ఆ రోజులే మంచివని నేనను. ఆ ఉక్కు కడ్డీ నాయనకు దొరికి ఉంటే తువ్వాలు నోట్లో కుక్కుకునే అవసరమే ఉండేది కాదు. నాలుగో రోజుకు నిలబడేవాడు, నాలుగు నెలలకు నిచ్చెన ఎక్కేవాడు. నా మరిది వార్డులో నాలుగు రోజుల్లో పక్క గది మనిషి పేరు కూడా తెలియలేదు. తెలియకపోయినా ఆయన కాలు చక్కగా ఉంది, కాలు కంటే ముఖ్యమైనది ఏముంది. అయినా ఆ పదకొండు వారాల్లో ముగ్గురు మగవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ఒక పిల్లను కాపాడారు. అలా కాపాడేంత తీరిక, అంతసేపు ఒకచోట ఉండిపోవడం, ఇప్పుడు ఎవరికి ఉందో నాకు తెలియదు.

ఆ నాలుగో రోజు మధ్యాహ్నం మరిదిని నడిపించడానికి అమ్మాయి వచ్చింది. నేనూ సరళా బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాం. సరళ కడ్డీ వేసిన డాక్టర్‌ను పొగుడుతూ, "నాయన కాలు పాడుచేసినోని లెక్క కాదక్కా ఈయన, మంచోడు" అంది. ఎప్పుడూ అనే మాటే. అమ్మ దగ్గర విని విని దానికి నోటికొచ్చేసిన మాట. అమ్మ లేదు, నాయన లేడు. ఇక దాచి ఎవరిని కాపాడాలో నాకు తోచలేదు. మొత్తం చెప్పాను. స్టూలు, ఖాజా మామ, నాయన అన్న అబద్ధం, డాక్టర్ నా వైపు చూసిన చూపు.

సరళ వింటూ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. తిడుతుందనుకున్నాను. ఎందుకిన్నాళ్ళు చెప్పలేదని అడుగుతుందనుకున్నాను.

"నువ్వు పద్నాలుగేండ్ల పోరివక్కా" అంది చివరికి. "కానీ అమ్మ గాయన్ని సచ్చేదాక తిట్టింది. ఏ పండుగకు నాయన కాలు నొప్పి అన్నా, ముందు గాయన్ని తిట్టినాకనే నూనె రాసేది. నేను సుత తిట్టిన" అంది.

"తెలుసు."

"ఆయనకు అంతా తెలిసే ఊకున్నడన్నట్టు."

"అవును."

లోపల గదిలో మరిది అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవడం వినిపిస్తోంది. సరళ కళ్ళు తుడుచుకుంది. "రేపు పొద్దుగాల పూజల ఆయన పేరు మీద ఒక దండం పెట్టుకుంట. పేరేందక్కా?"

పదకొండు వారాలు రోజూ చూసిన మనిషి. మాకు ఆయన పెద్ద డాక్టర్, అంతే. మా ఇంట్లో ఎవరమూ పేరు అడగలేదు.

"తెల్వదే" అన్నాను.

సరళ వేలికి చుట్టిన కొంగు విప్పుకుంది. తర్వాత, "పెద్ద డాక్టర్ అనే మొక్కుతలే" అని, లేచి లోపలికి పోయింది.